బూట్లు లేని బాలుడు, గోల్స్ వీరుడు – యోసెఫ్ బిట్సాన్

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ప్రతి ఏటా ఒక గొప్పవారి జీవితం ఉంటుంది. అంబేద్కర్ గురించి, ఫూలే గురించి, జాషువా గురించి మన సీనియర్ అన్నలు చక్కగా రాశారు. మళ్ళీ అదే రాస్తే తమ్ముళ్ళు పేజీ తిప్పేస్తారని భయపడి ఈసారి మేము ఒక ఫుట్‌బాల్ ఆటగాడిని ఎంచుకున్నాము. మన దేశం వాడు కాదు, మన భాష వాడూ కాదు. మేము పుట్టకముందే, 2001లోనే కన్నుమూశాడు. అయినా స్టడీ అవర్ బెల్ కొట్టేదాకా మన గ్రౌండ్‌లో ఉత్తకాళ్ళతో బంతి వెంట పరుగెత్తిన వారికి ఇతని బాల్యం కొత్తగా అనిపించదు.

పేరు యోసెఫ్ బిట్సాన్. అభిమానులు ముద్దుగా పెపీ అనేవారు. చెక్ దేశంలో ఫుట్‌బాల్ చూసే ఇంట్లో ఈ పేరు తెలియకుండా ఉండదు. మన దగ్గర మాత్రం పీలే, మారడోనా, మెస్సీ, రొనాల్డో దగ్గరే ఆగిపోతాము.

బిట్సాన్ 1913 సెప్టెంబర్ 25న వియన్నా నగరంలో ఫావొరిటెన్ అనే పేటలో జన్మించాడు. అప్పటికి ఆస్ట్రియా, చెక్ ప్రాంతాలు ఒకే చక్రవర్తి పాలనలో ఉండేవి. చెక్ పల్లెల్లో పని దొరకని కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని రాజధాని వియన్నాకు వలస వెళ్ళేవి. ఫావొరిటెన్ పక్కనే పెద్ద పెద్ద ఇటుక బట్టీలు. వియన్నా నగరంలోని గొప్ప గొప్ప భవనాలకు ఇటుకలు కోసింది ఎక్కువగా ఈ చెక్ కూలీలే. కాని నగరం వారు వాళ్ళను ఇటుకల చెక్కులని ఎగతాళిగా పిలిచేవారు. ఇటుక బట్టీలకు వలస పోవడమంటే ఏమిటో మన హాస్టల్లో కొందరికి విడమరచి చెప్పనక్కరలేదు.

తండ్రి ఫ్రాంటిషెక్ కూడా ఆటగాడే. ఆ పేటలోని హెర్తా అనే చిన్న క్లబ్‌కు ఆడేవాడు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళి దెబ్బ తగలకుండా తిరిగి వచ్చిన మనిషి, ఒక మ్యాచ్‌లో కిడ్నీకి దెబ్బ తగిలించుకున్నాడు. ఆపరేషన్ చేయించుకోవడానికి ఒప్పుకోలేదు. 1921లో ముప్ఫై ఏళ్ళకే చనిపోయాడు. అప్పటికి యోసెఫ్‌కు ఏడెనిమిదేళ్ళు. తల్లి లుద్మిలా ముగ్గురు మగపిల్లలతో మిగిలిపోయింది. హోటల్ వంటగదిలో పనికి కుదిరి వాళ్ళను పెంచింది.

ఇంట్లో తిండికే కష్టం. ఇక బూట్లు ఎక్కడ నుంచి వస్తాయి? పిల్లవాడు ఉత్తకాళ్ళతోనే, గుడ్డ పేలికలు చుట్టి కట్టిన బంతితో వీధిలో ఆడాడు. బంతి కాలికి ఎక్కడ తగిలితే ఎటు పోతుందో చర్మానికే తెలిసిందని, తనకు బంతి మీద అంత పట్టు రావడానికి అదే కారణమని పెద్దయ్యాక చెప్పేవాడు. పేదరికం మంచిదని అతను అనలేదు, మేమూ అనము. బూట్లు ఉంటే ఇంకా బాగా ఆడేవాడేమో ఎవరు చూశారు? కాని ఉన్న కాళ్ళతో అతను చేసింది మాత్రం ఇది.

పన్నెండేళ్ళకు తండ్రి ఆడిన హెర్తాలోనే పిల్లల జట్టులో చేరాడు. ఒక్కో గోల్‌కు ఒక షిల్లింగ్ ఇస్తానని క్లబ్ పెద్ద ఒకాయన ఆశపెట్టాడట. ఆ షిల్లింగ్‌లు ఇంటికి పనికివచ్చాయి. ఈ హెర్తా గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఇతనికంటే పదేళ్ళు పెద్దవాడు, ఆస్ట్రియా దేశపు గొప్ప ఆటగాడు మథియాస్ సిండెలార్ కూడా అదే పేటలో పెరిగి అదే క్లబ్‌లో ఆట నేర్చుకున్నాడు. అతనిదీ చెక్ ప్రాంతం నుంచి వలస వచ్చిన కుటుంబమే. నగరం చిన్నచూపు చూసిన ఒక్క పేట ఇద్దరిని ఇచ్చింది.

1931లో, పద్దెనిమిదేళ్ళకు, బిట్సాన్ రాపిడ్ వియన్నా అనే పెద్ద క్లబ్‌లోకి వెళ్ళాడు. కొద్ది కాలంలోనే ఫావొరిటెన్ కూలీలు కలలో కూడా చూడని జీతం అందుకున్నాడు. వంద మీటర్లను 10.8 సెకన్లలో పరుగెత్తేవాడు. ఆ రోజుల్లో పరుగు పందెంగాళ్ళకు కూడా అది మంచి టైమే. కుడి కాలు, ఎడమ కాలు రెండూ ఒకటే అతనికి. ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టువాడు కొడుకును కింద పడేశాడని తల్లి లుద్మిలా గొడుగు పట్టుకుని గ్రౌండ్‌లోకి దూసుకువెళ్ళి వాడిని బాదిందని కూడా చెబుతారు. మా అమ్మ అయినా అదే చేసేది.

1933లో ఆస్ట్రియా దేశానికి ఆడాడు. 1934లో ఇటలీలో ప్రపంచ కప్. ఫ్రాన్స్ మీద అదనపు సమయంలో గోల్ కొట్టాడు. సెమీఫైనల్లో ఇటలీ చేతిలో 1-0తో ఓడిపోయారు. ఆ రోజు రెఫరీ న్యాయంగా ఆడించలేదని జీవితాంతం చెబుతూనే ఉన్నాడు.

వియన్నాలో కొన్నేళ్ళు ఆడాక 1937లో ప్రాగ్ నగరానికి, అంటే తండ్రి భాష మాట్లాడే దేశానికి వచ్చాడు. చేరిన క్లబ్ స్లావియా. దీని పుట్టుక మనలాంటి విద్యార్థులకు నచ్చుతుంది. 1892లో ప్రాగ్ కాలేజీ విద్యార్థులు, చెక్ సాహిత్యం, ఉపన్యాసాల కోసం పెట్టుకున్న స్లావియా సంఘం నుంచి సైకిల్ తొక్కే శాఖగా ఇది మొదలైంది. 1896 నుంచి ఫుట్‌బాల్ ఆడారు. సగం ఎరుపు, సగం తెలుపు చొక్కా, దాని మీద ఎర్ర నక్షత్రం. వల్తావా నది ఒడ్డున లెత్నా గుట్ట మీద వాళ్ళ గ్రౌండ్, చెక్కతో కట్టిన పెద్ద గ్యాలరీ.

ఆ గ్యాలరీ ముందు బిట్సాన్ పదేళ్ళకు పైగా గోల్స్ వర్షం కురిపించాడు. 1938లో స్లావియా మధ్య యూరప్ దేశాల పెద్ద పోటీ మిత్రోపా కప్ గెలిచింది. అందులో అందరికంటే ఎక్కువ గోల్స్ ఇతనివే. 1939-40 సీజన్‌లో లీగ్‌లో 50 గోల్స్, 1943-44లో 57 గోల్స్. 1940 నుంచి 1943 వరకు వరుసగా నాలుగుసార్లు స్లావియాదే లీగ్. ప్రాక్టీసులో గోల్ పోస్టు పై బద్ద మీద ఖాళీ సీసాలు వరుసగా పెట్టి, ఇరవై మీటర్ల దూరం నుంచి ఒక్కొక్కటిగా పడగొట్టేవాడని చూసినవారు చెప్పుకునేవారు. ఈ సంగతి చదివాక మేమూ ప్రయత్నించాము. మూడు సీసాలు పెట్టాము. మూడూ క్షేమంగా ఉన్నాయి.

కాని ఆ సంవత్సరాల్లో అతనికి దక్కనిది ఒకటి ఉంది. ప్రాగ్ వచ్చాక చెకోస్లొవేకియా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. 1938లో ఫ్రాన్స్‌లో ప్రపంచ కప్. వయసు ఇరవై నాలుగు, మంచి ఊపు మీద ఉన్నాడు. తీరా సమయానికి కాగితాల్లో ఆఫీసు పొరపాటు జరిగింది, పౌరసత్వం అందలేదు. జట్టు వెళ్ళిపోయింది, ఇతను ఉండిపోయాడు. తర్వాత యుద్ధం వచ్చి 1942, 1946 ప్రపంచ కప్‌లు అసలు జరగనే లేదు. ఒక్క కాగితంతో పోయిన అవకాశం మళ్ళీ రాలేదు. మా బ్యాచ్‌లో ఒకరికి సర్టిఫికెట్‌లో తండ్రి పేరులో ఒక్క అక్షరం తప్పు పడి ఏడాది స్కాలర్‌షిప్ ఆగిపోయింది. అందుకే ఈ ఘట్టం చదివినప్పుడు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ ఆగస్టుకల్లా కాగితాలు సరి అయి చెకోస్లొవేకియాకు ఆడాడు. ఏడు నెలలకు, 1939 మార్చిలో, హిట్లర్ సైన్యం ప్రాగ్‌లోకి వచ్చింది. దేశం పేరే పోయి బొహీమియా, మొరావియా అని మిగిలింది. ఆ పేరు మీద ఆడిన కొద్ది మ్యాచ్‌లలో ఒకటి 1939 నవంబర్‌లో బ్రెస్లావ్ నగరంలో, జర్మనీ మీదే. స్కోరు 4-4. చెక్ జట్టు కొట్టిన నాలుగింటిలో మూడు బిట్సాన్‌వి. ఆక్రమించినవాడి గడ్డ మీద అది. అలా ఒకే మనిషి మూడు దేశాల పేర్లతో ఆడాడు. వియన్నాలో ఉన్నప్పుడు చెక్ వాడు, ప్రాగ్‌లో ఉన్నప్పుడు వియన్నా వాడు. ఎక్కడికి పోయినా మీదే ఊరు అని అడిగించుకునే బాధ అది.

1945 మే నెలలో, యుద్ధం ముగిసే రోజుల్లో ప్రాగ్ ప్రజలు తిరగబడ్డారు. ఆ పోరాటంలో జర్మన్లు లెత్నా స్టేడియాన్ని తగలబెట్టారు. క్లబ్ వాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు.

యుద్ధం తర్వాత ఇటలీలోని యువెంటస్ క్లబ్ బిట్సాన్‌ను రమ్మంది. ఇటలీలో త్వరలో కమ్యూనిస్టులు గెలుస్తారని ఎవరో చెప్పడంతో భయపడి మానుకున్నాడు. కథ చూడండి, ఇటలీలో వారు గెలవలేదు. 1948 ఫిబ్రవరిలో అధికారం చేపట్టింది అతనున్న చెకోస్లొవేకియాలోనే.

పార్టీలో చేరమని కబురు పెట్టారు. చేరలేదు. అంతకుముందు నాజీల దగ్గరా తల వంచలేదు, ఇక్కడా వంచలేదు. ఎర్ర జెండా అంటే మనలో చాలామందికి గౌరవం ఉంది, మా ఊళ్ళో భూమి కోసం కొట్లాడింది వాళ్ళే. కాబట్టి ఇది రాయాలా వద్దా అని మేము తర్జనభర్జన పడ్డాము. జరిగింది జరిగినట్టు రాయడమే మంచిదని అనుకున్నాము. ఇటుక బట్టీల పేటలో పుట్టి, హోటల్లో పనిచేసే తల్లి పెంచిన వాడిని అక్కడి ప్రభుత్వం డబ్బున్న వర్గం మనిషిగా లెక్కగట్టింది. ఆస్తి పోయింది. కార్మికుల జట్టులో ఆడితే అనుమానం తగ్గుతుందనుకుని ఉక్కు ఫ్యాక్టరీ క్లబ్ విట్కోవిట్సెలో చేరాడు. అక్కడా గోల్స్ కొట్టాడు. తర్వాత హ్రాదెట్స్ క్రాలొవె అనే ఊరి క్లబ్‌కు మారాడు.

1953 మే 1. ఆ ఊళ్ళో మే డే ఊరేగింపు. వేదిక మీద ఉన్న నాయకులకు జేజేలు పలకాల్సిన జనం, ఊరేగింపులో నడుస్తున్న బిట్సాన్‌ను చూసి అతనికి జేజేలు కొట్టారు. అతను అడగలేదు, ఎవరినీ రెచ్చగొట్టలేదు. వెంటనే ఊరు విడిచి వెళ్ళమని ఆజ్ఞ వచ్చింది. దెబ్బలు తిన్నవాళ్ళకంటే, చప్పట్లు కొట్టించుకున్నందుకు శిక్ష పడ్డవాళ్ళు చరిత్రలో తక్కువ.

అలా మళ్ళీ ప్రాగ్ చేరి తన పాత క్లబ్‌కు వచ్చాడు. వచ్చేసరికి క్లబ్ కూడా తనలాగే ఇల్లు పోగొట్టుకుంది. లెత్నా గుట్ట మీద స్టాలిన్ విగ్రహం కట్టాలని నిర్ణయించి స్లావియాను ఖాళీ చేయించారు. విద్యార్థులు పెట్టుకున్న పేరు కూడా తీసేసి డైనమో అన్నారు. క్లబ్‌కు వర్షోవిట్సె పేటలో ఈడెన్ అనే చోట స్థలం ఇచ్చారు. బోహీమియన్స్ అనే మరో పేట క్లబ్‌కు ఆ చుట్టుపక్కలే గ్రౌండ్ ఉంది. వాళ్ళ గుర్తు కంగారూ, 1927లో ఆస్ట్రేలియా వెళ్ళి ఆడి వచ్చినప్పటి జ్ఞాపకం. అభిమానులు పనిరోజుల తర్వాత వచ్చి పార, తట్ట పట్టి కొత్త స్టేడియం కట్టారు. లెత్నాలోని చెక్క గ్యాలరీని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. 1953 సెప్టెంబర్ 27న మొదటి మ్యాచ్ జరిగింది. వెళ్ళగొట్టినవారు స్థలం తీసుకున్నారు, జనం మాత్రం తాము కూర్చున్న బల్లలను వెంట తెచ్చుకున్నారు. ఈ వ్యాసం రాయాలనిపించింది అక్కడే.

బిట్సాన్ 1955 వరకు ఆడాడు. నలభై రెండేళ్ళు వచ్చాక, లీగ్‌లో అందరికంటే పెద్ద వయసువాడిగా ఆట విరమించాడు. అదే ఏడాది మే 1న లెత్నా మీద స్టాలిన్ విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఏడేళ్ళు నిలిచింది. 1962లో ప్రభుత్వమే మందుపెట్టి పేల్చేసింది. స్లావియా పేరు 1965లో తిరిగి వచ్చింది.

ఆట తర్వాత మంచి రోజులు రాలేదు. చిన్న చిన్న జట్లకు కోచ్‌గా చేశాడు, కూలి పని చేశాడు, ప్రాగ్ జంతు ప్రదర్శనశాలలో కూడా పనిచేశాడు. 1969లో బెల్జియంలోని టోంగెరెన్ క్లబ్‌కు కోచ్‌గా వెళ్ళాడు. ఆ ఏడాదే పీలే వెయ్యో గోల్ కొట్టాడని ప్రపంచమంతా మోగిపోయింది. నీ గోల్స్ ఎక్కువ కదా, ఎందుకు చెప్పుకోలేదని అడిగితే, చెబితే ఎవరు నమ్ముతారని ఎదురు ప్రశ్న వేశాడట.

ఎన్ని కొట్టాడన్నది ఇప్పటికీ తగవే. అధికారిక మ్యాచ్‌లలోనే ఎనిమిది వందలు దాటాయని కొందరు, చిన్న జట్ల మ్యాచ్‌లు తీసేయాలని కొందరు. 2021 జనవరిలో క్రిస్టియానో రొనాల్డో 760వ గోల్‌తో బిట్సాన్ రికార్డు దాటాడని పత్రికలు రాశాయి. కాదు, మా వాడివి 821 అని చెక్ ఫుట్‌బాల్ సంఘం లెక్క తీసింది. చనిపోయిన ఇరవై ఏళ్ళకు లోకం ఇలా అతని పేరు వెతుక్కుంది.

ఈడెన్‌లోని పాత గ్యాలరీలు శిథిలమై కూల్చేశారు. 2008 మేలో అదే చోట కొత్త స్టేడియం తెరిచారు. అది చూడకుండానే 2001 డిసెంబర్ 12న, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో బిట్సాన్ ప్రాగ్‌లో మరణించాడు. నది పైన విషెహ్రాద్ కొండ మీద, స్మెతనా, ద్వోర్జాక్ వంటి సంగీత మహామహుల సమాధులున్న శ్మశానంలో అతనికి చోటిచ్చారు.