తియ్యటి గుళికల వెనుక ఒక మొండి వైద్యుడు

సెలవులకు ఇండియా వెళ్లొచ్చే మనవాళ్ల సూట్‌కేసుల్లో ఆవకాయ, కందిపొడి ప్యాకెట్ల మధ్య ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా కూడా తరచుగా కనిపిస్తుంది. అందులో వేలెడంత సీసాలు, వాటి నిండా తెల్లటి తియ్యటి గుళికలు. పిల్లాడికి జలుబు చేస్తే నాలుగు, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మకు మోకాళ్లు లాగితే ఆరు. రియాద్‌లోనైనా, జెద్దాలోనైనా, జుబైల్‌లోనైనా ఆ డబ్బా ఫ్రిజ్ పక్కన ఒక మూల ఉంటుంది. సీసాల మీది లాటిన్ పేర్లు ఇంట్లో పెద్దవాళ్లకు నోటికి వచ్చేసి ఉంటాయి. ఆ వైద్యాన్ని కనిపెట్టిన మనిషి గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ. మన ఊళ్లలో హోమియో డాక్టర్ గది గోడ మీద బట్టతల, చెవుల పక్కన తెల్లటి జుట్టుతో ఒక ముసలాయన బొమ్మ ఉంటుంది కదా, ఆయనే శామ్యూల్ హానిమన్.

ఆయన 1755 ఏప్రిల్ 10న శాక్సనీలోని మైసెన్‌లో పుట్టారు. ఇప్పుడది జర్మనీలో ఉంది. పింగాణీకి ఆ ఊరు పెట్టింది పేరు. తండ్రి పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసే పనివాడు. ఇల్లు గడవడమే కష్టం కావడంతో కొడుకును మధ్యలోనే బడి మాన్పించి లైప్‌జిగ్‌లో ఒక కిరాణా దుకాణంలో పనికి పెట్టారు. కుర్రాడు అక్కడ నిలవలేదు, ఇంటికి వచ్చేశాడు. చదువు మీద అతనికున్న ఇష్టం చూసి బడి పంతుళ్లు ఫీజు లేకుండా చదివించారు. రాత్రిళ్లు చదివితే నూనె ఖర్చవుతుందని తండ్రి కోప్పడితే, మట్టితో సొంతంగా దీపం చేసుకుని చాటుగా చదివేవాడని ఆయన జీవితచరిత్రల్లో ఒక కథ ఉంది.

ఆయనకు భాషలంటే ప్రాణం. గ్రీకు, లాటిన్, ఇంగ్లిష్, ఫ్రెంచ్, ఇటాలియన్, హీబ్రూ నేర్చారు. మనం ఇక్కడ ఏళ్ల తరబడి ఉండి కూడా పూర్తిగా పట్టుకోలేకపోయిన అరబిక్ కూడా ఆ జాబితాలో ఉంది. 1775లో 20 థేలర్లు చేతిలో పెట్టుకుని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. పగలు పాఠాలు, మిగతా సమయంలో భాషలు నేర్పడం, ఇంగ్లిష్ పుస్తకాలను జర్మన్‌లోకి అనువదించడం. ఆసుపత్రి అనుభవం కోసం వియన్నా వెళ్తే నెలల్లోనే డబ్బు అయిపోయింది. అక్కడి గురువు సిఫారసుతో ట్రాన్సిల్వేనియా గవర్నరు దగ్గర గ్రంథాలయం చూసుకునే ఉద్యోగం దొరికింది. ఈనాటి రొమేనియాలో ఉన్న ప్రాంతమది. చలిజ్వరం ఎక్కువగా ఉండే నేల. పుస్తకాల జాబితా రాస్తూనే జ్వరాల రోగులనూ చూశారు. 1779లో ఎర్లాంగెన్‌లో వైద్య పట్టా తీసుకున్నారు.

పట్టా ఉన్నా ప్రాక్టీసు వద్దన్న డాక్టర్

1782లో యోహానా హెన్రియెట్‌తో పెళ్లయింది. తర్వాతి కాలంలో ఆ ఇంట్లో పదకొండు మంది పిల్లలు పుట్టారు. సంసారం పెరుగుతున్న సమయంలోనే ఆయన ఎవరూ చేయని పని చేశారు. ప్రాక్టీసు మానేశారు.

కారణం తెలియాలంటే ఆనాటి వైద్యం ఎలా ఉండేదో తెలియాలి. జ్వరమొస్తే నరం కోసి రక్తం తీసేవారు. తగ్గకపోతే మళ్లీ తీసేవారు. విరేచనాలకు, వాంతులకు మందులు పోసేవారు. సుఖవ్యాధులకు పాదరసం ఇస్తే పళ్లు ఊడి, నోటి నుంచి చొంగ కారుతూ ఉండేది. అది మందు పనిచేస్తున్న గుర్తని చెప్పుకునేవారు. రోగంతో చావని మనిషి చికిత్సతో చచ్చేవాడు. తాను ఇచ్చే మందు మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలియకుండా ఇవ్వలేనని హానిమన్ పక్కకు తప్పుకున్నారు. అనువాదాల మీదే బతికారు. ఊరు తర్వాత ఊరు, అద్దె ఇల్లు తర్వాత అద్దె ఇల్లు. కుటుంబమంతా ఒకే గదిలో సర్దుకున్న రోజులూ ఉన్నాయి.

1792లో పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో లియోపోల్డ్ జబ్బుపడి, ఒక రోజు వ్యవధిలోనే పలుమార్లు రక్తం తీయించుకుని చనిపోయారు. ఆస్థాన వైద్యుల తప్పును హానిమన్ పత్రికలో బహిరంగంగా ఎండగట్టారు. పేరు లేని ఒక పల్లె డాక్టర్ వియన్నా దర్బారు వైద్యులను సంజాయిషీ అడగడం చిన్న సంగతి కాదు. అదే ఏడాది గోథా డ్యూక్ ఇచ్చిన భవనంలో, మతి చెడిన ఒక హనోవర్ ఉన్నతోద్యోగికి చికిత్స చేశారు. మానసిక రోగులను గొలుసులతో కట్టి కొట్టే కాలమది. ఆయన కట్టలేదు, కొట్టలేదు. కొన్ని నెలలు దగ్గరుండి చూసుకున్నారు. ఆ మనిషి కోలుకున్నారు. హానిమన్ జీవితంలో ఇవాళ ఏ డాక్టరూ కాదనలేని భాగం ఇదే అనిపిస్తుంది.

సింకోనా బెరడు, సికింద్రాబాద్ దోమ

హోమియోపతికి బీజం 1790లో పడింది. స్కాట్లండ్ వైద్యుడు విలియం కల్లెన్ పుస్తకాన్ని అనువదిస్తుండగా, సింకోనా బెరడు కడుపుకు బలమిచ్చి చలిజ్వరం తగ్గిస్తుందన్న వివరణ ఆయనకు నచ్చలేదు. తానే ఆ బెరడు పొడిని కొన్ని రోజులు మింగి చూశారు. చేతులు కాళ్లు చల్లబడటం, గుండె దడ, నీరసం, దాహం... చలిజ్వరంలో కనిపించే లక్షణాలే వచ్చాయని రాసుకున్నారు. ఆరోగ్యవంతుడిలో ఏ లక్షణాలు పుట్టిస్తుందో, రోగిలో అవే లక్షణాలను ఆ మందు పోగొడుతుందన్న ఆలోచన అక్కడ మొదలైంది. ముల్లును ముల్లుతోనే తీయాలన్న మన మాట లాంటిదే. ఆరేళ్లు పరిశీలించి 1796లో వ్యాసంగా ప్రకటించారు. పోలిక అనే అర్థమున్న గ్రీకు మాటను, బాధ అనే మాటను కలిపి హోమియోపతి అని పేరు పెట్టారు. 1810లో ఆర్గనాన్ అనే గ్రంథం వచ్చింది. ఇవాళ్టికీ హోమియో కళాశాలల్లో అదే మూలగ్రంథం.

సింకోనా అసలు సంగతి తర్వాత బయటపడింది. 1820లో ఆ బెరడు నుంచి క్వినైన్‌ను వేరుచేశారు. అది మలేరియా పరాన్నజీవిని చంపుతుంది, పోలికతో పనిలేదు. ఆ పరాన్నజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, 1897 ఆగస్టు 20న. అంటే హానిమన్ బెరడు మింగిన 107 ఏళ్లకు. ఆయన అడిగిన ప్రశ్న మంచిదే. జవాబు దొరకడానికి కావలసిన పరికరాలు ఆయన కాలంలో లేవు.

మందులను ఆరోగ్యవంతుల మీద పరీక్షించి లక్షణాలను ఒక్కొక్కటిగా రాసిపెట్టడం హానిమన్ పద్ధతి. తాను, తన పిల్లలు, శిష్యులే ఆ పరీక్షలకు కూర్చునేవారు. రోగి వస్తే గంటల తరబడి అడిగేవారు. నిద్ర, కలలు, దాహం, కోపం, ఏ వేళ నొప్పి పెరుగుతుంది, చలికి తగ్గుతుందా వేడికి తగ్గుతుందా. ఒకసారికి ఒకే మందు. మన హోమియో డాక్టర్లు ఇప్పటికీ అంత ఓపికగా వినడం ఆయన నుంచి వచ్చిన అలవాటే. ఏడు నిమిషాల్లో బయటకు పంపే క్లినిక్‌లు చూసిన వాళ్లకు ఆ వినడమే సగం ఊరట.

చిక్కంతా మోతాదు దగ్గర వచ్చింది. విషపదార్థాల కీడు తగ్గించాలని ఆయన మందును పలచన చేస్తూ పోయారు. ఒక చుక్కను తొంభై తొమ్మిది చుక్కల ఆల్కహాల్‌లో కలిపి కుదిపితే ఒక మెట్టు. అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ అలాగే చేస్తే రెండో మెట్టు. సీసా మీద 30 అని ఉంటే ముప్పై సార్లు అలా చేసినట్టు. అంటే ఒకటి పక్కన 60 సున్నాలు పెట్టినంత పలచన. భూమ్మీది సముద్రాలన్నీ కలిపినా అన్ని చుక్కలు ఉండవు. పన్నెండో మెట్టు దాటాక మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. అణువుల పరిమాణాన్ని శాస్త్రవేత్తలు లెక్కకట్టింది 1865లో, హానిమన్ పోయిన తర్వాత. కుదపడంతో మందులోని సూక్ష్మశక్తి మేల్కొంటుందని ఆయన నమ్మారు. 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ, 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి సమీక్ష ఆ నమ్మకానికి మద్దతు ఇవ్వలేదు. హోమియోపతి ఫలానా జబ్బును తగ్గిస్తుందనడానికి నమ్మదగిన రుజువు లేదని ఆస్ట్రేలియా మండలి తేల్చింది.

మరి ఆ రోజుల్లో ఆయన రోగులు ఎందుకు బతికారు? రక్తం తీయలేదు, పాదరసం పోయలేదు. శుభ్రమైన గాలి, తేలికైన తిండి, విశ్రాంతి ఇచ్చారు. శరీరం తన పని తాను చేసుకుంది.

మందుల వ్యాపారులతో పేచీ

1813లో నెపోలియన్ సేనలు ఓడిన లైప్‌జిగ్ యుద్ధం తర్వాత ఊరంతా టైఫస్ వ్యాపించింది. హానిమన్ రోగుల్లో చనిపోయినవారు అతి కొద్దిమంది అన్న మాట ప్రచారమై పేరు పెరిగింది. ఆ యుద్ధం గెలిచిన సేనాని ష్వార్జెన్‌బర్గ్ స్వయంగా చికిత్స కోసం వచ్చారు. 1820లో ఆయన చనిపోవడంతో శత్రువులకు ఆయుధం దొరికింది. డాక్టరే మందు తయారుచేసి ఇస్తే తమ హక్కు పోతుందని మందుల దుకాణదారులు అప్పటికే కోర్టుకెక్కారు. 1821లో ఆయన లైప్‌జిగ్ వదిలి, అనుమతి ఇచ్చిన డ్యూక్ నీడన క్యోథెన్ చేరారు. అప్పటికి వయసు 66.

పథ్యం విషయంలో ఆయన చండశాసనుడు. కాఫీ మీద ఏకంగా ఒక వ్యాసం రాసి, ఎన్నో దీర్ఘరోగాలకు అదే మూలమన్నారు. ఇంటికొచ్చిన అతిథి చేతిలో ముందుగా ఖహ్వా ఫింజాన్ పెట్టే ఈ దేశంలో ఆయన ప్రాక్టీసు నడిచేది కాదేమో!

1831లో ఐరోపాను కలరా ముంచెత్తినప్పుడు, కంటికి కనిపించని జీవులు ఒకరి నుంచి ఒకరికి వ్యాపించి ఆ జబ్బు తెస్తున్నాయని రాశారు. క్రిములు జబ్బులు తెస్తాయని ప్రపంచం ఒప్పుకోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

భార్య 1830లో పోయారు. నాలుగేళ్లకు మెలనీ దెర్విలీ అనే ఫ్రెంచి చిత్రకారిణి మగవేషంలో ప్రయాణించి చికిత్స కోసం క్యోథెన్ వచ్చారు. ఆయనకు 79, ఆమెకు ముప్పైల్లో. కొద్ది నెలల్లోనే, 1835 జనవరిలో పెళ్లయింది. ఊరంతా నవ్వింది. ఆ ఏడాదే ఇద్దరూ పారిస్ వెళ్లిపోయారు. బతుకంతా ఊళ్లు మారుతూ అప్పులతో గడిపిన మనిషి చివరి ఎనిమిదేళ్లు గొప్పవాళ్లు బారులు తీరే డాక్టరుగా బతికారు. 1843 జులై 2న, 88వ ఏట కన్నుమూశారు.

మన గడపలోకి

ఆయన ఉండగానే ఈ వైద్యం మన నేలకు చేరింది. ట్రాన్సిల్వేనియాకే చెందిన హోనిగ్‌బర్గర్ 1839లో లాహోర్‌లో మహారాజా రంజిత్ సింగ్‌కు హోమియో మందులిచ్చారు. మహారాజు ఆ ఏడాదే మరణించినా మందు మాత్రం దేశంలో నిలిచింది. కలకత్తాలో ఎం.డి. చదివిన మహేంద్రలాల్ సర్కార్ 1867లో ఈ పక్షం వహించి తోటి డాక్టర్ల వెలివేతకు గురయ్యారు. ఆయనే 1876లో స్థాపించిన విజ్ఞాన సంస్థలో తర్వాత సి.వి.రామన్ నోబెల్ తెచ్చిన పరిశోధన చేశారు. మన దగ్గర 1945లో గుడివాడ కళాశాల మొదలైంది. సరోజినీ నాయుడు కుమారుడు జయసూర్య హోమియో వైద్యుడే. హైదరాబాద్ రామంతాపూర్ కళాశాల పేరులో పొట్టి శ్రీరాములుతో పాటు ఆయన పేరూ ఉంది. సినిమాల్లో నవ్వించి ఇంటి దగ్గర గుళికలు పంచిన అల్లు రామలింగయ్య పేరుతో రాజమండ్రి కళాశాల ఉంది.

ఈ అభిమానంతోనే డబ్బా విమానమెక్కి ఇక్కడికొస్తోంది. జలుబుకు, చిన్న దురదకు గుళికలు వేసుకుంటే పోయేదేమీ లేదు. సుగరు, బీపీ మాత్రలు ఆపేసి వీటి మీదే ఉండటం, పసిపిల్లల జ్వరానికి రెండు మూడు రోజులు ఆగి చూడటం, హజ్ ఎండలో సొమ్మసిల్లిన పెద్దవాళ్లకు నాలుక మీద గుళికలు వేసి కూర్చోవడం వేరు. అలాంటప్పుడు 997కు ఫోన్ చేస్తే అంబులెన్స్ వస్తుంది, 937లో ఆరోగ్య శాఖ సలహా ఇస్తుంది. ఇంకో సంగతి. చుక్కల రూపంలోని హోమియో మందులు ఆల్కహాల్‌లోనే తయారవుతాయి. ఆల్కహాల్‌పై నిషేధమున్న దేశానికి ఆ సీసాలు తెచ్చి చిక్కులు కొనితెచ్చుకోవద్దు. ఏ మందుకైనా డాక్టర్ చీటీ వెంట ఉండాలి.

హానిమన్ పోయాక మెలనీ ఆయన రోగులను తానే చూస్తూ వచ్చారు. పట్టా లేకుండా వైద్యం చేస్తున్నారని 1847లో పారిస్ కోర్టు ఆమెకు జరిమానా వేసింది. భర్త చివరి రోజుల్లో దిద్దిన ఆర్గనాన్ ఆరో కూర్పు రాతప్రతిని ఆమె బతికున్నంతకాలం అచ్చుకు ఇవ్వలేదు. అందులో హానిమన్ తన మోతాదుల పద్ధతిని తానే మళ్లీ మార్చుకున్నారు. అది వెలుగు చూసింది 1921లో. మోన్‌మార్త్ర్ శ్మశానంలో సాదాసీదా సమాధిలో ఉన్న ఆయన అస్థికలను అంతకు ముందే, 1898లో, అభిమానులు పారిస్‌లోని పేర్ లాషేజ్‌కు తరలించారు. ఇప్పుడక్కడ ఎర్ర గ్రానైట్ స్మారకం ఉంది.