గాడిచర్ల హరిసర్వోత్తమరావు

గాడిచర్ల హరిసర్వోత్తమరావు (సెప్టెంబర్ 14, 1883 - ఫిబ్రవరి 29, 1960) స్వాతంత్ర్య సమరయోధుడు, పత్రికా సంపాదకుడు, రచయిత, గ్రంథాలయోద్యమ నాయకుడు. పత్రికలో వ్రాసిన వ్యాసానికి రాజద్రోహ నేరంపై శిక్ష పడి, ఆంధ్రులలో తొలి రాజకీయ ఖైదీగా పేరొందాడు. దత్తమండలాలకు రాయలసీమ అన్న పేరు ఈయనే పెట్టాడని ప్రసిద్ధి.

బాల్యము, విద్యాభ్యాసము

హరిసర్వోత్తమరావు కర్నూలులో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. వీరి పూర్వీకులది కడప జిల్లా సింహాద్రిపురం. కర్నూలు, గుత్తి, నంద్యాలలలో చదువుకొని, మద్రాసు క్రైస్తవ కళాశాలలో 1906లో ఎం.ఏ. పూర్తిచేశాడు. ఉపాధ్యాయ వృత్తిని చేపట్టే ఉద్దేశంతో రాజమండ్రిలోని ప్రభుత్వ శిక్షణ కళాశాలలో చేరాడు.

వందేమాతరం ఉద్యమము

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించాడు. రాజమండ్రి సభలలో ఆయన ఆంగ్లంలో ప్రసంగించగా, చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులోకి అనువదించాడు. ఆంగ్లం తెలియని శ్రోతలకు కూడా ఉద్యమ భావాలు అలా చేరాయి. ఆ ప్రభావంతో విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వెళ్ళారు. కళాశాల అధ్యక్షుడు మార్క్ హంటర్ దీనిని క్రమశిక్షణా రాహిత్యంగా పరిగణించాడు. విద్యార్థులకు నాయకత్వం వహించిన హరిసర్వోత్తమరావును కళాశాల నుండి బహిష్కరించి, ప్రభుత్వోద్యోగాలకు అనర్హునిగా ప్రకటించారు. ఉపాధ్యాయుడు కాదలచిన వ్యక్తి దీనితో పత్రికా రంగానికి మళ్ళాడు.

స్వరాజ్య పత్రిక, రాజద్రోహ నేరము

1908లో బోడి నారాయణరావుతో కలిసి విజయవాడ నుండి స్వరాజ్య అనే తెలుగు పత్రికను నడిపాడు. అదే సంవత్సరం మార్చిలో చిదంబరం పిళ్ళై అరెస్టుకు నిరసనగా తిరునల్వేలిలో అల్లర్లు చెలరేగి, పోలీసు కాల్పులలో నలుగురు మరణించారు. ఈ కాల్పులను ఖండిస్తూ స్వరాజ్యలో విపరీతబుద్ధి అనే శీర్షికతో సంపాదకీయం వెలువడింది. విదేశీ పాలనను క్రూరమైన పులితో పోల్చిన ఈ వ్యాసంపై ప్రభుత్వం భారత శిక్షాస్మృతి 124-ఏ సెక్షను క్రింద రాజద్రోహ నేరం మోపింది.

1870లో శిక్షాస్మృతిలో చేర్చిన ఈ సెక్షను ప్రకారం ప్రభుత్వంపై విముఖత కలిగించే మాట, వ్రాత, సంజ్ఞ కూడా నేరమే. దీనికి ద్వీపాంతరవాసమైనా, మూడేళ్ళకు మించని కారాగారమైనా విధించవచ్చు. హరిసర్వోత్తమరావుకు మూడేళ్ళ కారాగారశిక్ష పడింది. అదే 1908లో బాలగంగాధర తిలక్‌కు ఇదే సెక్షను క్రింద ఆరేళ్ళ ద్వీపాంతరవాసం విధించి, మాండలే పంపారు.

వెల్లూరు జైలులో ఈయనను బందిపోట్లు, హంతకులతో పాటు ఉంచారు. మెడకు, కాళ్ళకు కడియాలు వేసి, మొలకు చిన్న గుడ్డ మాత్రమే ఇచ్చారు. రాజకీయ ఖైదీలకు ప్రత్యేక హోదా అప్పటికి లేదు.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగం 19వ అధికరణం వాక్స్వాతంత్ర్యాన్ని ప్రాథమిక హక్కుగా గుర్తించినా, 124-ఏ సెక్షను కొనసాగింది. 2022 మేలో సుప్రీంకోర్టు దీని అమలును నిలిపివేసింది. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి రావడంతో పాత శిక్షాస్మృతి రద్దయింది. అయితే దేశ సార్వభౌమత్వానికి, సమైక్యతకు ముప్పు కలిగించే చర్యల గురించిన కొత్త చట్టం 152వ సెక్షనులో మాటలు, వ్రాతలు కూడా చేరి ఉన్నాయి.

సాహిత్య, పత్రికా సేవ

విడుదలైన తరువాత కూడా ప్రభుత్వ నిఘా కొనసాగింది. ఆశ్రయమివ్వడానికి ప్రజలు భయపడేవారు. ఆ సమయంలో మద్రాసులో కొమర్రాజు లక్ష్మణరావు సాహచర్యం లభించింది. వీరి అనుబంధం అంతకు ముందరిదే. లక్ష్మణరావు నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో హరిసర్వోత్తమరావు వ్రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర 1907లో వెలువడింది. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కృషిలో కూడా లక్ష్మణరావుకు తోడ్పడ్డాడు. శాస్త్ర, చరిత్ర విషయాలను తెలుగులో చెప్పడమే ఈ గ్రంథాల లక్ష్యం.

కొంతకాలం ఆంధ్రపత్రిక సంపాదకునిగా పనిచేశాడు. తరువాత మాతృసేవ పత్రికను నడిపాడు. భార్య రమాబాయి స్త్రీల కొరకు వెలువడిన సౌందర్యవల్లి పత్రికకు సంపాదకత్వం వహించింది. హోంరూలు ఉద్యమ కాలంలో హరిసర్వోత్తమరావు ఆంధ్రదేశమంతటా పర్యటించి ప్రచారం చేశాడు. 1927లో నంద్యాల నుండి మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యాడు.

రాయలసీమ నామకరణము

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన ప్రాంతాన్ని దత్తమండలాలని వ్యవహరించేవారు. ఒకరు మరొకరికి ఇచ్చివేసిన సీమ అన్న అర్థం ఆ పేరులోనే ఉండడం స్థానికులకు అవమానకరంగా తోచింది. 1928 నవంబర్‌లో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభలో భాగంగా కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సమావేశం జరిగింది. విజయనగర రాయల ఏలుబడిని గుర్తుచేసే రాయలసీమ అనే పేరును ఆ సందర్భంలో స్వీకరించారు. ఈ పేరును సూచించినది హరిసర్వోత్తమరావని ప్రసిద్ధి కాగా, చిలుకూరి నారాయణరావు అని మరికొందరు చరిత్రకారుల అభిప్రాయం.

గ్రంథాలయోద్యమము, వయోజన విద్య

1901 జనగణన నాటికి భారతదేశంలో నూటికి సుమారు ఐదుగురే అక్షరాస్యులు. చదువరులు లేనిచోట పత్రికా స్వేచ్ఛ కొద్దిమందికే ఉపయోగపడుతుందన్న భావంతో హరిసర్వోత్తమరావు తన జీవిత ఉత్తరార్ధాన్ని గ్రంథాలయాలకు, వయోజన విద్యకు వినియోగించాడు. అయ్యంకి వెంకటరమణయ్య కృషితో 1914లో విజయవాడలో ఏర్పడిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి దీర్ఘకాలం అధ్యక్షునిగా వ్యవహరించాడు. చందాలతో నడిచే పల్లె గ్రంథాలయాలు దాతలు వెనుకంజ వేయగానే మూతపడేవి. 1948లో వచ్చిన మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం గ్రంథాలయ పన్నుకు అవకాశం కల్పించి, వాటికి స్థిరమైన ఆదాయ మార్గం చూపింది.

మరణము, స్మృతి

హరిసర్వోత్తమరావు 1960 ఫిబ్రవరి 29న మరణించాడు. విజయవాడలోని గ్రంథాలయ సంఘ భవనానికి ఆయన జ్ఞాపకార్థం సర్వోత్తమ భవనమని పేరు పెట్టారు. ఉపాధ్యాయ వృత్తికి అనర్హుడని ప్రభుత్వం నిర్ణయించిన ఈయన చివరకు అక్షరాలు నేర్పే ఉద్యమానికే నాయకుడయ్యాడు.