ఒకటో నంబరు లైసెన్సు

అమ్రోలి నుంచి తాపీ నది దాటి, సూరత్ మీదుగా దక్షిణానికి వెళ్తే నవ్సారి వస్తుంది. మన దేశంలో మొట్టమొదటి పైలట్ లైసెన్సు పొందిన జె.ఆర్.డి. టాటా గారి తండ్రిది ఆ ఊరే. ముంబై రైల్లో ఎన్నోసార్లు ఆ స్టేషన్ దాటాం కానీ, ఈ సంగతి మాకు ఈమధ్యే తెలిసింది.

జె.ఆర్.డి. 1904 జూలై 29న పారిస్‌లో పుట్టారు. తల్లి సుజాన్ ఫ్రెంచి వనిత. తండ్రి వ్యాపారం ఎటు తిప్పితే కుటుంబం అటు కదిలేది. అందుకే ఆయన చదువు పారిస్, ముంబై, జపాన్‌లోని యొకొహామా బడుల మధ్య సాగింది. నాన్నకు బదిలీ ఆర్డరు రాగానే పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకునే మనకు ఆ అవస్థ కొత్తదా! ఫ్రాన్సు సముద్రతీరంలో వారి వేసవి ఇంటి దగ్గరే లూయీ బ్లేరియో ఇల్లు ఉండేది. 1909లో ఇంగ్లిష్ చానెల్‌ను విమానంలో దాటింది ఆయనే. పదిహేనేళ్ళప్పుడు అక్కడే ఒకసారి విమానం ఎక్కిన జె.ఆర్.డి.కి ఇక వేరే ధ్యాస లేకపోయింది.

ముంబైలో ఫ్లయింగ్ క్లబ్ రాగానే చేరిపోయారు. 1929 ఫిబ్రవరి 10న లైసెన్సు చేతికొచ్చింది. దాని మీద నంబరు 1.

ఇంగ్లండ్, ఇండియాల మధ్య ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయుడికి ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. 1930లో జె.ఆర్.డి. కరాచీ నుంచి బయలుదేరారు. ఎదురుగా ఇంగ్లండ్ నుంచి వస్తున్న అస్పీ ఇంజనీర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు ఈజిప్టులో స్పార్క్ ప్లగ్ లేక ఆగిపోయాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్నది ఇచ్చేశారు. పందెం అస్పీ గెలిచాడు. తర్వాత వైమానిక దళంలో చేరి, 1960లో దానికే అధిపతి అయ్యాడు.

టాటాల దగ్గరికి విమాన తపాలా ఆలోచన తెచ్చిన నెవిల్ వింట్‌సెంట్ దారి ఇందుకు తలకిందులు. ముందు బ్రిటిష్ వైమానిక దళం, తర్వాత ఊరూరా జనాన్ని విమానమెక్కించి తిప్పే పని. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా ముంబైకి ఉత్తరాల సంచులు తెచ్చారు. అక్కడి నుంచి బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చింది వింట్‌సెంట్. ఎయిర్ ఇండియా పుట్టుక అదే.

ఒక మాట ఒప్పుకోవాలి. జె.ఆర్.డి.కి క్లబ్ ఫీజు బరువు కాలేదు, పైలట్ జీతంతో ఇల్లు గడపాల్సిన పనీ లేదు. మాలో ముగ్గురికి పైలట్ కావాలని ఉంది. ఇంట్లో ఆ మాటెత్తితే ఖర్చు దగ్గరే ఆగిపోతుంది. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, దానికి లక్షలు కావాలి. ఎన్.డి.ఎ. దారిలో శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదే, కానీ ఏళ్ళ తరబడి దేశ సేవకు కట్టుబడాలి. బదిలీలు మనకు అలవాటే కనుక మాకైతే రెండోదే నచ్చింది. లైసెన్సు ఉన్నంత మాత్రాన ఉద్యోగం వస్తుందనీ లేదు. ప్రేమ్ మాథుర్ గారిని ఆడపిల్లని కంపెనీలన్నీ కాదంటే, 1947లో పైలట్‌గా తీసుకుంది మన హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్.

జె.ఆర్.డి. 1992లో భారతరత్న అందుకుని, మరుసటి ఏడు జెనీవాలో కన్నుమూశారు. అంతకు పదకొండేళ్ళ ముందు, తొలి తపాలా ప్రయాణానికి యాభై ఏళ్ళు నిండిన రోజున, 78 ఏళ్ళ వయసులో, కరాచీ నుంచి ముంబైకి పాతకాలపు చిన్న విమానాన్ని మళ్ళీ ఒంటరిగా నడుపుకుంటూ వచ్చారు.