దీపధారిణి తొలి పాఠములు

ఫ్లారెన్సు నైటింగేల్ పేరు వినగానే మన బాలబాలికల కన్నులకు ఒక పటము తోచును. అర్ధరాత్రము, గాయపడిన సైనికులతో నిండిన పొడవైన వార్డు, పడకల నడుమ చేత దీపముతో నడచుచున్న యువతి. ఆ పటములో అసత్యమేమియు లేదు. కాని ఆ దీపము చేతికి వచ్చునప్పటికి ఆమెకు 34 ఏండ్లు నిండియుండెను. అందులో ఎనిమిదేండ్లు ఆసుపత్రిలో పని చేయుటకు ఇంటివారి అంగీకారము కొరకు వేచియుండుటలోనే గడచినవి. పిమ్మట క్రొత్త నర్సుగా ఆమె పడిన పాట్లు, నేర్చిన పాఠములు, పొందిన తృప్తి ఆ పటములో కానరావు. నర్సు వృత్తిని కోరు బాలికలకును, వారికి దారి చూపవలసిన ఉపాధ్యాయులకును ఆమె జీవితమున మిక్కిలి ఉపయోగపడు భాగము అదియే.

ఆమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్సు నగరమున జన్మించెను. పుట్టిన ఊరి పేరే ఆమెకు పేరైనది. నేపుల్సులో పుట్టిన అక్కకు ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమగు పార్థినోపీ అను పేరు పెట్టిరి. తండ్రి విలియం ఎడ్వర్డ్ నైటింగేల్ సంపన్నుడు. ఇంగ్లండులో డెర్బీషైరునందొకటి, హాంప్‌షైరునందొకటి ఆయనకు రెండు గొప్ప గృహములు కలవు. ఆయన కుమార్తెలకు తానే గురువై గ్రీకు, లాటిన్ భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును బోధించెను. ఫ్లారెన్సునకు గణితమనిన ప్రత్యేకమైన మక్కువ. 1837వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన, పదునారేండ్ల ప్రాయమున, భగవంతుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె నమ్మెను. ఆ సేవ యెట్టిదో తెలిసికొనుటకు మాత్రము మరికొన్ని ఏండ్లు పట్టెను.

1845లో ఆమె తన కోరికను ఇంట బయటపెట్టెను. సమీపముననున్న సాల్స్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలుండి రోగుల శుశ్రూష నేర్చుకొందునని ఆమె యడిగెను. తల్లి దుఃఖించెను; అక్క మూర్ఛలు తెచ్చుకొనెను; తండ్రి విముఖుడయ్యెను. నేటి వారికిది మూర్ఖత్వముగా తోచవచ్చును గాని, వారి భయము కేవలము నిరాధారము కాదు. ఆ కాలమున ధనవంతులు ఇంటియందే వైద్యము చేయించుకొనెడివారు. ఆసుపత్రి నిరుపేదలకు మాత్రమే శరణ్యము. అందలి నర్సులకు శిక్షణ లేదు; కూలి స్వల్పము; పలువురు త్రాగుడునకు లోనైనవారని లోకప్రవాదము. గౌరవముగల కుటుంబమునుండి ఒక బాలిక అచ్చటికి పోవుట ఊహకందని విషయము. ఇంటివారిని ఎదిరించి పారిపోవుటకు ఆమె సిద్ధపడలేదు. కోరికను విడుచుటకును సిద్ధపడలేదు. తెల్లవారకమునుపే లేచి, కొవ్వొత్తి వెలుగున ఆసుపత్రుల నివేదికలను, ప్రజారోగ్య పత్రములను చదివి, పుస్తకముల నిండ సంగతులు వ్రాసికొనుచుండెను. ప్రాతఃకాలపు ఫలాహారమునకు గంట మ్రోగగానే ఆ పుస్తకములు మూసి, ఇంటిపిల్లవలె క్రిందికి దిగివచ్చెడిది. కవియు రాజకీయవేత్తయు నగు రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ తన్ను వివాహమాడగోరగా, అతనియందు ప్రీతియున్నను నిరాకరించెను. గృహిణి ధర్మమును, తానాశించిన పనియు ఏకకాలమున సాగవని ఆమె నిశ్చయించుకొనెను.

జర్మనీలో రైను నదీతీరమున, డస్సెల్డార్ఫునకు సమీపమున, కైజర్స్‌వెర్త్ అను చిన్న ఊరు ఉండెను. థియోడర్ ఫ్లీడ్నర్ అను మతాచార్యుడు 1836లో అచ్చట ఒక సంస్థను స్థాపించెను. అందు నూరు పడకల ఆసుపత్రి, శిశువుల పాఠశాల, అనాథాశ్రమము, ఉపాధ్యాయినుల శిక్షణాలయము ఉండెను. ఫ్లారెన్సు 1850లో రెండు వారములు దానిని చూచి వచ్చెను. 1851లో తల్లియు అక్కయు ఆరోగ్యము కొరకు వేరొక ఊరికి పోయినప్పుడు, ఎవరికిని తెలియనీయరాదను షరతుపై మూడు నెలలు అచ్చట ఉండుటకు ఆమెకు అనుమతి లభించెను. సేవకులు వడ్డింపగా భుజించిన ఆ యువతి అచ్చట ఉదయము అయిదు గంటలకు లేచి, గంజివంటి ఆహారము తిని, పిల్లల వార్డులో పని చేసెను. శస్త్రచికిత్సల యొద్ద నిలిచెను. మరణించువారి ప్రక్కన కూర్చుండెను. బట్టలు చక్కబెట్టుకొనుటకు కూడ తీరిక లేని ఆ దినములలోనే తాను సుఖముగానున్నానని ఆమె తల్లికి జాబు వ్రాసెను. శరీరము అలసినను మనస్సు తేరుకొనుట ఆమె తొలిసారిగా ఎరిగినది అచ్చటనే. అయినను ఆ సంస్థ లోపములకు ఆమె కన్నులు మూసికొనలేదు. అచ్చటి భక్తిని మెచ్చుకొనుచునే, అచ్చటి పారిశుద్ధ్యమును, శుశ్రూషా విధానమును తరువాతి కాలమున ఆమె తప్పుపట్టెను.

1853వ సంవత్సరము ఆగస్టులో ఆమెకు మొదటి ఉద్యోగము దొరకెను. లండనులోని అప్పర్ హార్లీ వీధిలో, వ్యాధిగ్రస్తులైన మర్యాదస్త్రీల కొక చికిత్సాలయముండెను. దానికి ఆమె అధ్యక్షురాలయ్యెను. జీతము లేదు. తండ్రి ఏటేట నిచ్చు 500 పౌనులే ఆమెకు ఆధారము. నర్సు పనిలో రోగి పడక యొద్ద జరుగునది సగమేయని ఆమె ఇచ్చట నేర్చెను. మెట్లెక్కి దిగుటతోనే నర్సుల దినము గడచిపోవుచుండుట గమనించి, ప్రతి అంతస్తునకు వేడినీటి గొట్టములు, భోజనము పైకి పంపుటకు ఒక యంత్రము, రోగి పిలిచినప్పుడు నర్సుకు వినబడునట్లు గంటలు అమర్చవలెనని పట్టుబట్టెను. నర్సు కాళ్లకు మిగిలిన శ్రమ రోగి సేవకు దక్కునని ఆమె లెక్క. ఆంగ్ల మతశాఖకు చెందినవారినే చేర్చుకొనవలెనని పాలక సంఘము తలపగా, రోగమునకు మతము లేదని ఆమె వాదించి, కాథలిక్కులకును యూదులకును కూడ తలుపులు తెరిపించెను. సంఘ సభ్యులను ఒప్పించుట రోగిని ఊరడించుట కంటె కష్టమని ఆమెకు అప్పుడే బోధపడెను.

1854 వేసవిలో లండనును కలరా ముంచెత్తినప్పుడు ఆమె మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి స్వచ్ఛందముగా పోయి, రాత్రింబగళ్లు వచ్చిపడుచున్న రోగులకు పరిచర్య చేసెను. ఆ దినములలోనే జాన్ స్నో అను వైద్యుడు ఒక వీధి పంపులోని నీటివలన కలరా ప్రాకుచున్నదని కనిపెట్టెను. కాని నాటి పెక్కురు వైద్యులవలెనే ఫ్లారెన్సు కూడ దుర్వాయువే రోగమునకు మూలమని బహుకాలము నమ్మెను. ఆ నమ్మకము పొరపాటైనను, దానివలన ఆమె చేపట్టిన నివారణ, అనగా స్వచ్ఛమైన గాలి, మంచినీరు, మురుగు తొలగించుట, సరియైనదే యయ్యెను.

అదే సంవత్సరము క్రిమియా యుద్ధము సాగుచుండెను. గాయపడిన ఆంగ్ల సైనికులు దిక్కులేక పడియున్నారని టైమ్స్ పత్రికలో వార్తలు వెలువడగా దేశమంతయు అట్టుడికెను. యుద్ధ వ్యవహారముల మంత్రియు, ఆమెకు మిత్రుడునగు సిడ్నీ హెర్బర్ట్ కోరికపై ఆమె అక్టోబరు 21వ తేదీన 38 మంది నర్సులతో బయలుదేరి, నవంబరు తొలి వారమున ఇస్తాంబులునకు ఎదుటి గట్టుననున్న స్కుటారి చేరెను. ఆ నర్సులలో కొందరు సన్న్యాసినులు, కొందరు ఆసుపత్రులలో కూలికి పనిచేసినవారు. తలపై ధరింపవలసిన టోపీ తన ముఖమునకు నప్పలేదని గోలపెట్టినది ఒకతె. త్రాగుడు మానలేక స్వదేశమునకు తిప్పి పంపబడినవారును కలరు.

స్కుటారిలో సైనిక వైద్యులు వీరిని ఆదరింపలేదు. స్త్రీలు వచ్చి తమ పనిలో తలదూర్చుట వారికి అవమానముగా తోచెను. లోపల క్షతగాత్రులు మూల్గుచుండగా, వచ్చిన నర్సులకు పని చెప్పువారు లేకుండిరి. ఇట్టి సమయమున ఆత్మాభిమానము గలవారు కలహింతురు, దుర్బలులు తిరిగిపోవుదురు. ఫ్లారెన్సు ఈ రెండును చేయలేదు. వైద్యుడు పిలువనిదే ఏ నర్సును వార్డులో అడుగుపెట్టరాదని ఆజ్ఞాపించి, అందరిని కూర్చుండబెట్టి చొక్కాలు, దిండ్లు, కట్టుగుడ్డలు కుట్టించెను. ఆమె నర్సులే ఆమెను కఠినురాలని నిందించిరి. కొలది దినములకే ఇంకర్‌మన్ యుద్ధమున గాయపడినవారు ఓడలనిండ వచ్చి పడగా వైద్యులే ఆమెను పిలువవలసి వచ్చెను. ఆమె ఓరిమి మూలమున ఆ పిలుపు శాశ్వతమయ్యెను.

తరువాతి కథ లోకమెరిగినదే. ఆమె వంటశాలను బాగుచేయించెను. బట్టలుతుకుటకు ఇల్లు కుదిర్చెను. ప్రభుత్వ గిడ్డంగిలో దొరకని వస్తువులను పత్రిక సేకరించిన నిధితో కొనెను. చదువురాని సైనికుల పక్షమున వారి తల్లులకు జాబులు వ్రాసెను. రాత్రులందు ఆమె దీపముతో నడచిపోవుచుండగా సైనికులు ఊరట చెందిరి.

అయినను వారు మరణించుచునే యుండిరి. ఆ చలికాలమున, ఆమె అంతటి శ్రద్ధ వహించిన ఆ ఆసుపత్రిలోనే, మరణములు తగ్గుటకు మారుగా పెరిగినవి. 1855 ఫిబ్రవరి నాటికి నూటికి 42 మంది చొప్పున ప్రాణములు విడిచిరి. గాయములకంటె విరేచనములు, కలరా, టైఫస్ జ్వరమే వారిని ఎక్కువగా బలిగొనెను. ఆ సంవత్సరము మార్చిలో ప్రభుత్వము పంపిన పారిశుద్ధ్య సంఘము వచ్చి చూడగా, ఆ భవనము క్రిందనే మురుగు కాలువలు పూడి కుళ్లుచుండెను. వారు కాలువలను శుభ్రపరచి, నీటిని బాగుచేసి, గాలి యాడునట్లు చేసిరి. జూను నాటికి మరణములు నూటికి సుమారు రెండునకు దిగెను.

ఈ సత్యము యొక్క పూర్తి బరువు ఆమెకు యుద్ధకాలమున తెలియలేదు. 1856లో స్వదేశమునకు మారుపేరుతో, ఊరేగింపులకు చిక్కకుండ తిరిగివచ్చిన పిదప, గణాంకవేత్త విలియం ఫార్ సాహాయ్యముతో లెక్కలు వేయునప్పుడు తెలిసినది. తాను కన్నులు మూసిన సైనికులలో వేలమంది శుశ్రూష లోపమువలన కాక, కాళ్లక్రింది మురుగువలన చనిపోయిరని ఆ అంకెలు చెప్పెను. దేశమంతయు దేవతయని కొలుచుచున్న వేళ ఒక నర్సునకు ఇంతకంటె కఠినమైన పరీక్ష ఉండబోదు. ఆమె ఆ అంకెలను దాచలేదు. రంగుల చిత్రములుగా గీసి, ఏ మరణము నివారింపదగినదో ప్రభుత్వమునకు తెల్లముగా చూపెను. దయ ఒక్కటియే రోగిని బ్రతికింపదనియు, దయకు తోడు జ్ఞానము, పరిశీలన, లెక్క కావలెననియు ఆమె గ్రహించెను. క్రొత్తగా పనిలో చేరు నర్సు ఈ పాఠమును ప్రాణనష్టము లేకుండ నేర్వవలెనను తపనయే ఆమె శేషజీవితమును నడిపెను.

ప్రజలు కృతజ్ఞతతో ఇచ్చిన సుమారు 44,000 పౌనుల నిధితో 1860లో లండనులోని సెంట్ థామస్ ఆసుపత్రియందు నర్సుల పాఠశాల తెరువబడెను. శిక్షణ ఒక సంవత్సరము. బస, భోజనము, దుస్తులు ఉచితము; పైగా పది పౌనుల భృతి. ప్రతి విద్యార్థినికిని ప్రత్యేకమైన గది ఒసగబడెను. నడవడిని గూర్చియు, పనిని గూర్చియు నెలనెల పత్రము నింపబడుచుండెను. అందు సమయపాలన, నెమ్మది, విశ్వాసపాత్రత, శుభ్రత, పుండ్లు కట్టుట, రోగిని గమనించుట మొదలగునవి వేర్వేరుగా లెక్కకు వచ్చెడివి. తన కుటుంబము ఏ కళంకమునకు భయపడెనో, ఆ కళంకమును ఆమె ఈ విధముగా వృత్తినుండియే తుడిచివేసెను. ఇక తల్లిదండ్రులు కుమార్తెను నర్సు పనికి పంపుటకు సిగ్గుపడవలసిన కారణము లేకపోయెను.

ఆ పాఠశాలలో 1862లో చేరిన ఏగ్నెస్ జోన్స్ కథ ఆ వృత్తిలోని కష్టమును ఫలమును ఒక్కచోట చూపును. ఐర్లండులో పెరిగిన ఈ యువతి 1865లో లివర్‌పూల్ నగరపు పేదల ఆశ్రమములోని ఆసుపత్రికి పండ్రెండుగురు నర్సులతో పోయెను. అంతవఱకు అచ్చటి రోగులకు ఆశ్రమములోని నిరుపేద స్త్రీలే ఎట్లో దిక్కైయుండిరి. ఏగ్నెస్ వేయిమందికి పైగానున్న ఆ రోగుల నడుమ వ్యవస్థను నిలిపి, పేదవానికి కూడ శిక్షణగల నర్సు లభింపవలెనని ఇంగ్లండునకు నిరూపించెను. 1868లో టైఫస్ సోకి, 35 ఏండ్ల వయస్సున మరణించెను. శిష్యురాలి మరణము ఫ్లారెన్సును కలచివేసెను. కాని ఏగ్నెస్ నాటిన పద్ధతి ఇతర నగరములకు ప్రాకెను.

క్రిమియా జ్వరము తరువాత ఫ్లారెన్సు ఆరోగ్యము మరల కుదుటపడలేదు. బహుకాలము పడకనుండియే ఆమె పనిచేసెను. మన దేశమునకు ఎన్నడును రాకపోయినను, 1859లో ఏర్పడిన రాజసంఘము కొరకు ఇచ్చటి సైనిక స్థావరముల నుండి వచ్చిన పత్రములన్నిటిని పరిశీలించి, మంచినీరు, మురుగు పారుదల గూర్చి పోరాడెను. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ నీటి పారుదలను గూర్చి చేసిన వాదమును ఆమె గట్టిగా బలపరచెను. క్షామమును ఆపుట కూడ ఆమె దృష్టిలో శుశ్రూషయే. 1872 మొదలు అనేక సంవత్సరములు తన పాఠశాల నర్సులకు ఆమె హితోపదేశముతో జాబులు వ్రాయుచు వచ్చెను. ఏటికేడు నేర్చుకొనక నిలిచిపోయిన నర్సు వెనుకకు పోవుచున్నట్లేయని వాని సారాంశము.

ఆమె 1910వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన 90 ఏండ్ల వయస్సున కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేయుదుమని ప్రభుత్వము కోరగా బంధువులు అంగీకరింపలేదు. హాంప్‌షైరులోని ఈస్ట్ వెల్లో గ్రామమున, తల్లిదండ్రుల చెంత, పేరులోని రెండు తొలి అక్షరములు, సంవత్సరములు మాత్రమే చెక్కిన రాతి క్రింద ఆమె విశ్రమించియున్నది.

ఆమె పుట్టినదినమగు మే 12ను అంతర్జాతీయ నర్సుల దినముగా ఏటేట జరుపుదురు. ఆ దినమున తరగతిలో దీపముగల పటమును చూపునప్పుడు, కొవ్వొత్తి వెలుగున నివేదికలు చదివిన బాలికను, మూసిన తలుపు వెలుపల కట్టుగుడ్డలు కుట్టించిన నర్సును, తన ఆసుపత్రి మరణములను తానే లెక్కించి చూపిన వనితను కూడ ఉపాధ్యాయులు విద్యార్థులకు పరిచయము చేయుట మంచిది. రేపు తొలిసారిగా వార్డులో అడుగుపెట్టి, తడబడి, ఒకరి కోపమునకు గురియై, ఆ సాయంకాలమే ఒక రోగి జ్వరము దిగుట చూచి ఆనందించు బాలికకు ఆ ముగ్గురును తోడుగా నిలుతురు.