అక్కకు అక్షరాలు నేర్పిన తమ్ముడు

మా పెనుకొండలో పుట్టి పెరిగినవాళ్లకు శ్రీకృష్ణదేవరాయలంటే పక్కింటి పెద్దాయన మాదిరి. గగన్ మహల్ చుట్టూ ఆడుకున్నవాళ్లం కదా! అందుకే హైదరాబాదులో రాయలవారి పేరిట ఒక గ్రంథాలయం ఉందని, నైజాం రోజుల్లోనే 1901లో దాన్ని పెట్టారని చదివినప్పుడు, పెట్టినవాళ్లెవరా అని ఆరా తీశాను. వాళ్లలో ముఖ్యుడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు. ఆయన పేరు చాలామందికి తెలుసు. ఆయనకు ఒక అక్క ఉందన్న సంగతి మాత్రం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

లక్ష్మణరావు 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టాడు. పసితనంలోనే తండ్రి పోయాడు. అక్క అచ్చమాంబ ఆయనకంటే మూడేళ్లు పెద్ద. ఆమెకు చిన్నప్పుడే పెళ్లి చేసేశారు, చదువు చెప్పించలేదు. భర్త భండారు మాధవరావు ఇంజనీరు, ఉద్యోగం మధ్యపరగణాల్లో. ఆ అక్క దగ్గరే ఉండి తమ్ముడు నాగపూరులో చదువుకున్నాడు.

తమ్ముడు బడి నుంచి వచ్చి చదువుకుంటుంటే అక్క పక్కన కూర్చునేది. అలా ఆయన దగ్గరే తెలుగు, హిందీ నేర్చుకుంది. ఆడవాళ్ల చదువంటే మొదట్లో ఇంటాయనకు అంత ఇష్టం లేదంటారు. ఇంటిపనంతా అయ్యాక ఆమె ఎప్పుడు పుస్తకం పట్టేదో మనం ఊహించుకోవచ్చు! కొడుకూ కూతురూ చిన్నతనంలోనే పోయారు. ఆ దుఃఖంలోనూ ఆమె చదువు మానలేదు. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల పేరిట స్త్రీల జీవిత చరిత్రలు పుస్తకంగా తెచ్చింది. ఆ మరుసటేడు ధనత్రయోదశి అనే కథ రాసింది. బందరులో స్త్రీ సమాజం పెట్టడంలోనూ ఆమె చెయ్యి ఉంది.

1905లో అచ్చమాంబ కన్నుమూసింది. నిండా ముప్పై ఏళ్లు!

ఆ మరుసటేడే, 1906లో, లక్ష్మణరావు గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి మొదలుపెట్టాడు. అక్క పోయిన దుఃఖంతోనే పెట్టాడని నేననను. కానీ ఇంగ్లీషు రాని మనిషి మనసుకు తెలివి తక్కువేమీ కాదని ఆయన తన ఇంట్లోనే కళ్లారా చూశాడు కదా! పైగా మరాఠీ బాగా వచ్చినవాడు. మరాఠీవాళ్లకు వాళ్ల భాషలో ఉన్న పుస్తకాలు మనకెందుకు లేవన్నది ఆయన బాధ.

అప్పటికి తెలుగులో అచ్చయ్యేవి ఎక్కువగా పురాణాలు, కావ్యాలు. చెట్టూ పురుగూ ఎలా బతుకుతాయో, నీళ్లలో ఏముందో తెలుసుకోవాలంటే ఇంగ్లీషు రావాల్సిందే. కాలేజీ గడప తొక్కని ఆడవాళ్లకు ఆ దారి ఎక్కడిది? మండలి చరిత్రలతో, నవలలతో పాటు జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం తెలుగులో అచ్చు వేసింది. కలరా, మలేరియాల మీద కూడా వేసింది. వంటింట్లో బిందె దగ్గర నిలబడే మనిషికి అంతకంటే అవసరమైన పుస్తకం ఏముంటుంది చెప్పండి? జీవశాస్త్రం రాసిన ఆచంట లక్ష్మీపతి డాక్టరు. తెలిసినవాళ్ల చేత, తెలిసినంత తేటగా రాయించడమే లక్ష్మణరావు పద్ధతి.

ఆయన జీవనానికి మునగాల సంస్థానంలో దివానుగిరీ చేసేవాడు. పాత శాసనాలు చదివేవాడు, చరిత్ర రాసేవాడు. తర్వాత మద్రాసులో కూర్చుని ఇంకా పెద్ద పనికి దిగాడు. అదే ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం. లోకంలోని విషయాలన్నీ అకారాది క్రమంలో తెలుగువాళ్లకు అందించాలని! 1919లో కందుకూరి వీరేశలింగంగారు ఆఖరి శ్వాస విడిచింది ఆయన ఇంట్లోనే.

ఉబ్బసం పీడిస్తున్నా రాత సాగించాడు. పెద్ద పెద్ద సంపుటాలు మూడు వచ్చాయి. అయినా అకారం దాటి ఎంతో దూరం పోలేదు. 1923లో, నలభై ఆరేళ్లకే ఆయన పోయాడు. అమృతాంజనం నాగేశ్వరరావు పంతులుగారు 1930లలో ఆ పని మళ్లీ చేతికెత్తుకున్నారు గానీ, 1938లో ఆయనా వెళ్లిపోయారు.

ఆ మధ్య ఒక పాత పుస్తకాల గుట్టలో మండలి పుస్తకం ఒకటి నా చేతికొచ్చింది. అట్ట లేదు, అంచులు చెదలు తిన్నాయి. లోపలి పేజీలో ఎవరో ఆడమనిషి పేరు, వంకరటింకర అక్షరాలతో, సిరాతో రాసి ఉంది.