కుంఫిణీ కళ్లుగప్పిన మూడు నెలలు

(ద్వితీయ బి.ఎస్సి. విద్యార్థి, సున్నిపెంట)

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు తెలియనివారు మన నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల వైపు ఉండరు. 2019లో సినిమా వచ్చాక బయటి రాష్ట్రాలవాళ్లకు కూడా తెలిసింది. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. కాబట్టి ఆయన వీరుడని నిరూపించే పని నేను పెట్టుకోవడం లేదు. తెరమీద కత్తి తిప్పుతుంటే ఈలలు వేసిన మనం ఒక ప్రశ్న మాత్రం వేసుకోలేదు. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా మీద పడిన మనిషి అక్టోబరు మొదటి వారం దాకా దొరకలేదు. కడప నుంచి ఒక దండు, కర్నూలు నుంచి ఒక దండు వెదుకుతున్నాయి. తల మీద బహుమానం ఉంది. ఊరూరా గ్రామోద్యోగులు ఉన్నారు. ఆయనేమో ఈ సీమలో అందరూ మొహం ఎరిగిన మనిషి. మరి ఎట్లా కనపడకుండా ఉన్నాడు? అంతకాలం కనపడనివాడు చివరికి ఎట్లా కనపడ్డాడు? నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా ఆలోచించదగ్గది ఇదే అనిపిస్తుంది.

ముందు సంగతులు క్లుప్తంగా చెప్పుకుందాం. 1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ల కోటలు, సైన్యాలు తీసేసి, కొందరికి భరణాలు ఇచ్చి కూర్చోబెట్టాడు. నరసింహారెడ్డి ఆ పాలెగాళ్ల వంశంలోవాడు. నొస్సం పాలెగాడు జయరామిరెడ్డి ఆయనకు తాత. రూపనగుడిలో పుట్టాడని చెప్తారు. కంపెనీ ఆయనకిచ్చే భరణం నెలకు 11 రూపాయల చిల్లర. నొస్సం వారి భరణం రద్దయినప్పుడు అందులో తనకు భాగం రావాలని అడిగాడు, సర్కారు ఇవ్వలేదు. తన పాత భరణం కోసం మనిషిని పంపితే కోయిలకుంట్ల తాసీల్దారు అవమానించి తిప్పి పంపాడని మా వైపు కథ. సర్కారు కాగితాల్లో ఈయన దోపిడీదారు, మన పాటల్లో దొర. రెండు మాటలూ విన్నవాడికి ఒకటి తెలుస్తుంది. సొంత భరణం గొడవ ఒక్కటే అయితే ఆయన వెనక పదిమంది కూడా నడిచేవాళ్లు కాదు.

నడిచినవాళ్లు ఎవరు? కట్టుబడివాళ్లు. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. కట్టుబడి అంటే తక్కువ పన్నుకు ఇనాము నేల అనుభవిస్తూ, దానికి బదులుగా కొలువు చేసేవాడు. పాలెగాడి కాలంలో ఊరి కావలి, దారి కావలి వీళ్లదే. ఊర్లోకి ఎవరు కొత్తగా వచ్చారు, రాత్రి ఏ బండి దాటింది, ఎవరి ఎద్దులు పోయాయి, వాటి అడుగులు ఏ వంక దగ్గర మాయమైనాయి, ఇవన్నీ కనిపెట్టి ఉండడమే వాళ్ల కొలువు. 1816లో మద్రాసు సర్కారు పోలీసు పనిని తాసీల్దార్లకు, గ్రామ పెద్దలకు అప్పజెప్పింది. ఆ తర్వాత కట్టుబడి ఇనాములనే వెనక్కి తీసుకునే ఆలోచన మొదలుపెట్టింది. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాడిని, నేల పోతుందని తెలిసిన మనిషి కడుపుమంట ఎట్లుంటుందో నాకు వేరే వాళ్లు చెప్పక్కరలేదు.

దీని ఫలితం చూడండి. ఊర్లను కనిపెట్టి ఉండే మనుషుల కూడు తీస్తూ, ఆ ఊర్లలో జరిగేది తనకు తెలియాలని కంపెనీ కోరుకుంది. కళ్లు ఉన్నవాళ్లు నరసింహారెడ్డి వైపు పోయారు. కంపెనీకి మిగిలింది కాగితాలు, తుపాకులు. 1846 జూలైలో ఆయన కోయిలకుంట్ల ఖజానా కొట్టి రుద్రవరం దగ్గరి మిట్టపల్లె వైపు, అంటే నల్లమల అంచుకు నడిచినప్పుడు దారిలో పోలీసు అధికారులు చాలామంది ఉన్నా పట్టుకోలేకపోయారు. నల్లమల అవతల గిద్దలూరు దగ్గర లెఫ్టినెంట్ వాట్సన్ దండుతో పోరు జరిగింది. కంభం తాసీల్దారు ప్రాణం పోయింది. తాసీల్దారు అప్పట్లో పన్ను వసూలు చేసేవాడే కాదు, పోలీసుకు కూడా పెద్ద. అయినా ఆయన కూడా కొలువు చేసి బతికే మనిషే. ఆ చావును పండగలాగా చూపించడం నాకు నచ్చదు.

ఇంకొక సంగతి సినిమాలో లేదు. ఆనాడు కోయిలకుంట్ల, కంభం తాలూకాలు కడప జిల్లాలోవి. నంద్యాల, శిరివెళ్ల తాలూకాలు మాత్రం 1839లో కర్నూలు నవాబును దించిన తర్వాత వేరే అధికారి కిందికి వచ్చినవి. ఇవన్నీ కలిసి కర్నూలు జిల్లా కావడం 1858లో. అంటే కుందేరు సీమలో ఒక పూట నడిస్తే చాలు, ఒక దొర అధికారం అయిపోయి ఇంకొక దొర అధికారం మొదలయ్యేది. మద్రాసు రాజధానిలో తంతి వచ్చింది 1850ల్లోగానీ కాదు. ఇక్కడ చూసిన సంగతి అక్కడ తెలియాలంటే తపాలా మనిషి కాళ్లే దిక్కు. చూసినవాడి వార్త చేరేలోపల చూడబడినవాడు రెండు కనుమలు దాటేవాడు.

ఇక అడవి సంగతి. నేను సున్నిపెంటవాడిని. మా ఊరు శ్రీశైలం ప్రాజెక్టు కోసం కట్టిన కాలనీ, చుట్టూ నల్లమలే. మార్చి నెలలో ఈ అడవిలో ఆకు రాలిపోయి, కుందేలు పరుగెత్తినా దూరంనుంచి కనిపిస్తుంది. జూలై నుంచి అక్టోబరు దాకా అదే అడవి పచ్చటి గోడ. నరసింహారెడ్డి దాగింది సరిగ్గా ఆ నెలల్లోనే. పైగా వానకాలంలో ప్రతి వంకలోనూ నీళ్లుంటాయి. ఎండాకాలం వేటగాడు జంతువు వెంట తిరగడు, నీళ్లకుంట దగ్గర మాటు వేస్తాడు. ఏ జంతువైనా ఎన్ని దారులు మార్చినా నీళ్లకు రాక తప్పదు కదా. వానకాలం ఆ మాటు పనికిరాదు. అడవిలో వచ్చేవాణ్ణి ముందుగా చెప్పేవి కూడా చాలా ఉన్నాయి. తీతువు పిట్ట అరుస్తుంది, కొండముచ్చు కేకేస్తుంది. చెంచులకు ఇవన్నీ అక్షరాలతో సమానం. గుడారాలు, సామాను ఎద్దులు వేసుకుని వచ్చే దండుకు ఆ భాష రాదు. నల్లరేగడిలో వానాకాలం పడిన అడుగు చెరగదని రైతుకు తెలుసు. దండు అడుగులు కట్టుబడివాళ్లు చదివారేగాని, కట్టుబడివాళ్ల అడుగులు దండు చదవలేకపోయింది. అందుకే ఆయన కంపెనీకి కనపడలేదు, కంపెనీ మాత్రం ఆయనకు కనపడుతూ వచ్చింది అని నా అభిప్రాయం.

(ఇప్పటి నల్లమలలో అంత చాటు పులికి కూడా లేదు. అటవీశాఖ చెట్లకు కట్టిన కెమెరాలు దాని చారలను బట్టి ఇది ఫలానా పులి అని పోల్చుకుంటాయి. ఆ కెమెరాలు పెట్టేది కూడా పులి అలవాటుగా నడిచే బాటల మీదనే.)

వెంటపడే కన్ను ఏ కాలంలోనైనా చేసేది ఇదే. మనిషిని కాదు, మనిషి అలవాటును కనిపెడుతుంది. మన కాలేజీలో ఈ మాట అందరికన్నా బాగా తెలిసింది హాస్టలు ఆడపిల్లలకు. ఒకే మొహం ఉదయం బస్టాండులో, మధ్యాహ్నం జిరాక్సు కొట్టు దగ్గర, సాయంత్రం హాస్టలు గేటు దగ్గర కనిపిస్తే అది కాకతాళీయం కాదని వాళ్లు ఊరికే గ్రహిస్తారు. అప్పుడు తెలివైనవాళ్లు చేసే పనులు నేను చూశాను. నేరుగా గదికి పోరు, ఎందుకంటే వెనకవాడికి గది చూపించినట్టవుతుంది. మనుషులున్న అంగట్లో నిలబడతారు, రోడ్డు దాటి మళ్లీ దాటి వాడూ దాటుతాడా అని చూస్తారు, స్నేహితురాలికి ఫోను చేసి పిలుచుకుంటారు, వాడి బండి నంబరు రాసుకుంటారు. పోయే వేళ, దారి మార్చుకుంటారు. ఒంటరిగా పోయి వాణ్ణి నిలదీయడం మాత్రం చెయ్యరు. ఆడవాళ్ల వెంటపడడం 2013 నుంచి వేరే నేరంగా చట్టంలో ఉంది, కాబట్టి రాసుకున్న నంబరు, తేదీ, చోటు ఊరికే పోవు. సర్కారు కన్ను సంగతికొస్తే, అనుమానితుడి ఇంటికి రాత్రిపూట పోలీసులు పోయి తలుపు తట్టే పద్ధతిని సుప్రీంకోర్టు 1962లోనే ఖరక్ సింగ్ కేసులో కొట్టేసింది. అయితే ఆ కేసులో గోప్యతను హక్కుగా ఒప్పుకోలేదు. అది ప్రాథమిక హక్కు అని 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు.

మళ్లీ నరసింహారెడ్డి దగ్గరికి వద్దాం. సెప్టెంబరు గడిచేసరికి కంపెనీ కూడా వేటగాడి పాఠం నేర్చుకున్నట్టుంది. మనిషి వెంట అడవిలో తిరగడం తగ్గించి, ఆయన రాక తప్పని చోట్లను పట్టుకుంది. ఇంటివాళ్లను పట్టి కడపలో ఉంచారని చెప్తారు. బహుమానం మాట ఊరూరా చాటించారు. దండులో ఉన్నవాళ్లకు తిండిగింజలు, ఉప్పు ఊర్లనుంచే రావాల. గంప ఎత్తుకుని అడవి వైపు పోయే మనిషిని కనిపెడితే చాలు, గంప ఎక్కడ దిగుతుందో అక్కడ దొర ఉంటాడు. మనిషికి ఎండాకాలపు నీళ్లకుంటలాంటివి ఇవే, తన ఇల్లు, తన కూడు.

ఆయన చివర దొరికిన చోటు నల్లమల కాదన్నది గమనించండి. తూర్పున దట్టమైన అడవి వదిలి, కుందేరు మైదానం దాటి, పడమర పేరుసోమల దగ్గరి జగన్నాథకొండకు వచ్చాడు. అది కోయిలకుంట్ల తాలూకా, తాతల నొస్సం అక్కడికి దగ్గరే. మధ్యలో అంతా బయలు నేల. చాటు కావాల్సినవాడు బయటికి ఎందుకు వచ్చాడు? ఇంటివాళ్ల కోసమని కొందరు, కూడు అందక అని కొందరు అంటారు. వంటమనిషి నమ్మకద్రోహం చేశాడని కూడా ఒక కథ ఉంది. ద్రోహి కథ చెప్పుకోవడం మనకు సులువు, ఒకడి మీద తోసేయవచ్చు. నాకు తోచేది వేరు. మూడు నెలల్లో ఎన్ని ఊర్లు బెదిరింపులు తిన్నాయో, ఎంతమంది ఇండ్లు సోదా అయ్యాయో. సొంత సీమకు వచ్చేసరికి ఆయనకు తెలిసిన మొహాలు ఎక్కువయ్యాయి, అంటే ఆయనను తెలిసిన మొహాలు కూడా ఎక్కువయ్యాయి. అందులో ఒక్కరు ఉప్పందిస్తే చాలదా. 1846 అక్టోబరు 6న ఆ కొండ మీద దొరికాడు.

తర్వాతిది అంతా సర్కారు లెక్క. 900 మందికి పైగా మనుషుల మీద కేసులు పెట్టారు. అందులో 112 మందికి శిక్షలు పడ్డాయి, మిగతావాళ్లలో చాలామందిని సాక్ష్యం లేక వదిలేశారు. ఒక్క మనిషి కోసం ఇన్ని వందల మందిని పట్టారంటే, ఎవరు ఎవరివైపో సర్కారుకు తెలియలేదన్నమాట. శిక్ష పడినవాళ్లను అండమాన్‌కు పంపారని కొన్నిచోట్ల రాస్తుంటారు. అండమాన్‌లో ఖైదీల వలస మొదలైంది 1858లో, కాబట్టి 1847లో అది కుదరదు. సముద్రం దాటించారంటే అది వేరే చోటికి అయివుండాల.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో నరసింహారెడ్డిని ఉరితీశారు. తలను అక్కడి కోటలో కొయ్యకు వేలాడదీశారు. అది 1877 దాకా, అంటే 30 ఏళ్లు, అక్కడే కనిపిస్తూ ఉండింది. మూడు నెలలు కనపడని మనిషిని, కోయిలకుంట్లకు వచ్చిపోయే ప్రతి రైతుకూ కనపడేట్టు చేశారు. అయినా ఆయనను పాటగా కట్టుకోకుండా ఆ భయం జనాన్ని ఆపలేకపోయింది. ఆ పాటలను, అదే ఉయ్యాలవాడకు చెందిన కరువుకాలపు అన్నదాత బుడ్డా వెంగళరెడ్డి పాటలను తంగిరాల వెంకటసుబ్బారావుగారు సేకరించి రేనాటి సూర్యచంద్రులు అన్న పుస్తకంగా చేశారు. నరసింహారెడ్డి పక్కన నిలబడిన గోసాయి వెంకన్న, వడ్డె ఓబన్న పేర్లను జనం మరిచిపోలేదు. శిక్షపడిన ఆ 112 మందిలో మిగతావాళ్ల పేర్లు, ఊర్లు కడప జిల్లా పాత కాగితాల్లో ఉండాలి. మన చరిత్ర శాఖ మిత్రులు ఎవరైనా వచ్చే వేసవి సెలవుల్లో ఆ పని తలపెడితే, ఉయ్యాలవాడ, రుద్రవరం, సంజామల మండలాల ఊర్లు తిరిగి వాళ్ల ఇంటిపేర్లు కనుక్కోవడానికి నేను కూడా వస్తాను.