ఆండ్రూ కార్నెగీ: గ్రంథాలయ దాత

ధనము నార్జించి పేరుగాంచినవారు లోకమున ననేకులు గలరు. ఆ ధనమును గ్రంథాలయములుగ మార్చి, తన్నెఱుగని బాలబాలికలకు పుస్తకముల నందిచ్చినవారు మిక్కిలి యరుదు. అట్టివారిలో ముఖ్యుడగు ఆండ్రూ కార్నెగీ జీవితమును మా పాఠకులకు సంగ్రహముగ దెలుప నుద్యమించితిమి.

ఇతడు 1835వ సంవత్సరము నవంబరు 25వ తేదీని స్కాట్లండు దేశమునందలి డన్ఫర్మ్‌లిన్ పట్టణమున జన్మించెను. తండ్రి చేతిమగ్గముపై బట్టలు నేసి జీవించువాడు. ఆవిరి మగ్గములు వచ్చుటతో ఆ కుటుంబమునకు జీవనము గడచుట కష్టమయ్యెను. మన చేనేతవారి బాధల నెఱిగినవారికి ఈ సంగతి విస్తరించి చెప్ప నక్కఱలేదు. అయినను ఆ తండ్రియు, మఱి నలుగురు నేతగాండ్రును తమకున్న కొలది పుస్తకములను ఒకచోట జేర్చి, ఊరివారికి ఎరువిచ్చు చిన్న గ్రంథాలయము నేర్పఱచిరి.

1848లో ఆ కుటుంబము అమెరికాకు వలసపోయి, పిట్స్‌బర్గు నగరము దాపున నున్న అలెఘెనీలో కాపురముండెను. పదుమూడేండ్లైనను నిండని బాలుడు నూలుమిల్లులో కండెలు మార్చు పనికి గుదిరెను. జీతము వారమునకు ఒక డాలరు ఇరువది సెంట్లు. పిమ్మట తంతివార్తల నింటింటి కందిచ్చు పని దొరకెను. బడికి బోవు నవకాశము మాత్రము లేదు.

ఆ కాలముననే కర్నల్ జేమ్స్ ఆండర్సను అను నుదారుడు తన సొంత పుస్తకములను, సుమారు 400 సంపుటములను, పనిచేయు బాలుర కొఱకు తెఱచియుంచెను. శనివారమున నొక పుస్తకమును గొనిపోయి, మరుసటి శనివారమున మార్చుకొనవచ్చును. కొంతకాలమునకు నిర్వాహకులు చేతిపని నేర్చువారికి మాత్రమే ఉచితమనియు, తక్కినవారు ఏటికి రెండు డాలర్లు చెల్లింపవలెననియు నిబంధన చేసిరి. కార్నెగీ 1853లో, పదునేడేండ్ల ప్రాయమున, ఇది యన్యాయమని పత్రికకు లేఖ వ్రాసెను. నిబంధన సడలింపబడెను. పుస్తకమునకును బీదబాలునకును నడుమ రెండు డాలర్లు సయితము గోడయగునని అతడు తన యనుభవమున నెఱిగెను.

తరువాత రైల్వేలో నుద్యోగియై, ఉక్కు పరిశ్రమలో నపారధనము నార్జించి, 1901లో తన కర్మాగారములను 48 కోట్ల డాలర్లకు విక్రయించెను. దానములు అంతకు బూర్వమే ప్రారంభమయ్యెను. మొదటి గ్రంథాలయము జన్మస్థలమగు డన్ఫర్మ్‌లిన్‌లో 1883లో తెఱువబడెను. దానికి శంకుస్థాపన చేసినది తల్లియే. క్రమముగ నతని ధనముతో వెలసిన గ్రంథాలయములు 2,509. అందు 1,600లకు పైగా అమెరికాలోనివే.

ఈ దానమున కొక నియమము గలదు. భవనమునకు మాత్రమే ధనమిచ్చును. స్థలమును పట్టణమే చూపవలెను. ఇచ్చిన మొత్తములో పదవవంతు ఏటేట పురజనుల పన్నునుండి వెచ్చింపవలెను. 10,000 డాలర్లు పొందిన యూరు ప్రతి సంవత్సరమును 1,000 డాలర్లు పుస్తకములకును, జీతములకును, సంరక్షణకును కేటాయింపవలెనన్నమాట. దాత గతించినను గ్రంథాలయము గతింపకుండుటకే ఈ యేర్పాటు.

ఆ భవనములు పుస్తకముల కొట్లు మాత్రమే కావు. 1889లో తెఱువబడిన బ్రాడక్ గ్రంథాలయమున కార్మికులకు స్నానపుగదులుండెను. పిట్స్‌బర్గు గ్రంథాలయము పిల్లలకు కథలు చెప్పించుటయేగాక, చిన్న పెట్టెలలో పుస్తకములను బీదల యిండ్లకు బంపి, అచ్చట వారము వారము పిల్లలను సమావేశపఱచుచుండెను.

ఈ చరిత్రమున నొక మచ్చను దాచుట న్యాయము గాదు. 1892లో హోమ్‌స్టెడ్ ఉక్కు కర్మాగారమున వేతనముల తగవు ముదిరి, పోరు జరిగి, ఇరుపక్షములందును పలువురు మరణించిరి. కార్నెగీ అప్పుడు స్కాట్లండులో నుండెను. అయినను బాధ్యత అతనిని విడువలేదు. దినమునకు పండ్రెండు గంటలు పనిచేయువానికి చదువ దీరిక యెక్కడిదని కార్మికులు ప్రశ్నించిరి. 1904లో వీలింగు పట్టణపు కార్మికులు అతని దానమునే తిరస్కరించిరి. కూలిలో తగ్గించినది దానముచే పూడునా యను ప్రశ్న నేటికిని ఆలోచింపదగినదే.

కార్నెగీ 1919వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీని మరణించెను. 1904లోనే అలెఘెనీ గ్రంథాలయము నెదుట ఆండర్సనునకు స్మారకచిహ్నము నెలకొల్పి, అందు పనిముట్లు విడిచి పుస్తకము చదువు కార్మికుని విగ్రహము నుంచెను. వేల గ్రంథాలయములకు మూలము ఆ 400 పుస్తకములేయని అతడు మఱవలేదు.

మన ప్రాంతమునందును 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నుతో గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. కావున ఊరి గ్రంథాలయము పరుల భిక్ష గాదు, మనదే. తలిదండ్రులు పిల్లలను దానికడకు గొనిపోవుదురుగాక. విద్యార్థులారా, మీరు చదివి ముగించిన పుస్తకమును పొరుగింటి పిల్లవాని కెరువిచ్చుటకు కోట్ల ధనము అక్కఱలేదు. ఆ యైదుగురు నేతగాండ్రకు నది లేదు.